సేక్రెడ్ గేమ్స్: నవల ముందు చదవాలా, సిరీస్ ముందు చూడాలా?

మీరు అడిగింది రెండు సంగతులు. సేక్రెడ్ గేమ్స్ ఇంకా చూడలేదు, నవలా చదవలేదు, ఏది ముందు మొదలుపెట్టాలి, కథ తెలిసిపోతే సస్పెన్స్ పోదా అనేది ఒకటి. తెలుగులో ఇలా నవల నుంచి వచ్చిన క్రైమ్ సిరీస్ ఏదైనా ఉందా అనేది రెండోది.

నన్నడిగితే నవలే ముందు. మొత్తం చదివే ఓపిక లేకపోతే కనీసం ఓ వంద పేజీలు చదివి, అప్పుడు నెట్‌ఫ్లిక్స్ పెట్టుకోండి. సస్పెన్స్ పోతుందని బెంగ వద్దు. ఆ బెంగ రచయిత విక్రమ్ చంద్రకే లేదు. 2006లో వచ్చిన ఈ నవల దాదాపు 900 పేజీలు ఉంటుంది. అందులో గణేశ్ గైతోండే అనే ముంబయి డాన్ మొదట్లోనే చచ్చిపోతాడు. పోలీసులు బుల్డోజర్ తెప్పించి బంకర్‌ను బద్దలుకొట్టి లోపలికి వెళ్లేసరికి అతని శవం, పక్కన ఒక ఆడమనిషి శవం. ఇక అక్కణ్ణుంచి చచ్చినవాడు తన కథ తనే చెప్పుకుంటూ పోతాడు, బతికున్న ఇన్‌స్పెక్టర్ సర్తాజ్ సింగ్ దాని వెనకున్న సంగతి తవ్వుకుంటూ పోతాడు. హీరోయో విలనో తెలియని మనిషిని ముందే చంపేసి, తర్వాత వాడి మీద మనకు ఇష్టం పుట్టించడం చిన్న విషయం కాదు.

నాది నెల్లూరు. ఈ పుస్తకం నాకు చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల్లో దొరికింది. అట్ట నలిగిపోయి, ఎవరో మధ్యలో బస్ టికెట్ గుర్తు పెట్టి వదిలేసి ఉంది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి వస్తూ మొదలుపెట్టాను. సూళ్లూరుపేట దాటే లోపే గైతోండే పోయాడు. ఇంకా ఇంత లావు పుస్తకంలో ఏముంటుందిరా అనుకుంటూ చదివా.

సిరీస్ 2018 జులై 6న వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. మా బావ అప్పటికి నవల పేరు కూడా వినలేదు. బావది లారీ ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం, డ్రైవర్లతో మాట్లాడీ మాట్లాడీ హిందీ బాగా వచ్చు. హాల్లో టీవీ పెట్టి, అక్క వంటింట్లోంచి వచ్చినప్పుడల్లా సౌండ్ తగ్గిస్తూ రెండు రాత్రుల్లో మొత్తం చూసేశాడు. (పెద్దవాళ్లతో, పిల్లలతో కూచుని చూసే సిరీస్ కాదిది. తిట్లు, రక్తం, పడగ్గది సీన్లు అన్నీ దండిగా ఉంటాయి.) అట్లా ఒకే కథను నేను చదివి, బావ చూసి, వారం వారం వాదించుకునేవాళ్లం. మీ ప్రశ్నకు నా జవాబు ఆ వాదనల్లోంచే వచ్చింది.

ఉదాహరణకు మొదటి సీన్. నవల మొదటి వాక్యంలోనే ఒక తెల్ల బొచ్చుకుక్కపిల్ల అయిదో అంతస్తు కిటికీలోంచి కిందపడుతుంది. మొగుడూ పెళ్లాల గొడవ. పెళ్లాం మీద అనుమానంతో ఆ కుక్కను విసిరేశాడు మొగుడు. సర్తాజ్ వెళ్లి ఆ ఇద్దరి మధ్య పంచాయితీ చేయాల్సి వస్తుంది. సిరీస్‌లోనూ కుక్క పడుతుంది, కింద స్కూలు ఆడపిల్లలు జడుసుకుంటారు, పైనుంచి గైతోండే గొంతు దేవుణ్ణి నమ్ముతావా అని అడుగుతుంది. చూడ్డానికి అదిరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ ఆ మొగుడూ పెళ్లాలు మళ్లీ కనపడరు. నవల్లో ఆ పెళ్లాం కమల తర్వాత సర్తాజ్ దగ్గరికే వస్తుంది, తననెవరో బ్లాక్‌మెయిల్ చేస్తున్నారని. పెద్ద డాన్ కథ పక్కనే ఈ చిన్న కేసు నడుస్తూ ఉంటుంది. స్టేషన్‌లో పోలీసుకు రోజూ ఎదురయ్యే పని అదే కదా. సిరీస్ వాళ్లు మొత్తం ఎత్తేశారు. ఎనిమిది గంటల్లో అన్నీ పట్టవు మరి.

ఇంకోటి సర్తాజ్ గురించి. సైఫ్ అలీ ఖాన్ చేసిన సర్తాజ్ మాత్రలు మింగుతూ, దొంగ ఎన్‌కౌంటర్ కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పమని పై ఆఫీసర్ ఒత్తిడి పెడుతుంటే లోపల్లోపల నలిగిపోయే నిజాయితీపరుడు. నవల్లో సర్తాజ్ అంత కడిగిన ముత్యమేం కాదు. చిన్నా చితకా డబ్బులు తీసుకుంటాడు. పై ఆఫీసర్ పారుల్కర్ డబ్బు సంచి మోసుకెళ్లి, దాన్ని చూసుకునే మనిషికి అప్పగించి వస్తాడు. అయినా మంచివాడే. ఈ మాట బావకు చెప్తే పడీపడీ నవ్వాడు. "అట్లా చెప్పు బామ్మర్దీ! మామూలు ముట్టని పోలీసంటే నేను రెండో ఎపిసోడ్‌లోనే నమ్మలా. హైవే మీద బండ్లు తిప్పేవాడికి చెప్పాల్నా?" అన్నాడు. నవల ముందు చదవమనడానికి నాకు ఇదే పెద్ద కారణం. సిరీస్‌లో సర్తాజ్ మీద జాలేస్తుంది. నవల్లో సర్తాజ్ మనకు తెలిసిన మనిషిలా ఉంటాడు. సైఫ్ మొహం ఒకసారి కళ్లల్లో పడ్డాక ఆ రెండో మనిషిని ఊహించుకోవడం కష్టం.

సస్పెన్స్ గురించి అడిగారు కదా, మన వైపు సంగతే చూడండి. 2008లో ఒంగోలు హైవే మీద లారీలు మాయమైన కేసు ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో తెలియనివాళ్లు తక్కువ. అధికారులమని చెప్పి లారీలు ఆపడం, డ్రైవర్‌నీ క్లీనర్‌నీ చంపి పూడ్చిపెట్టడం, సరుకు అమ్ముకుని లారీని కూడా ముక్కలు చేసేయడం. 2021 మేలో ఒంగోలు కోర్టు ఆ ముఠాలో 12 మందికి ఉరిశిక్ష వేసింది. చేసిందెవరో దొరికినప్పుడే తెలిసిపోయింది. అయినా బావ ఆఫీస్ ముందు టీ అంగడిలో ఈ కథ ఇప్పటికీ నడుస్తుంటుంది. అంత అనుభవమున్న డ్రైవర్ నడిరాత్రి బండి ఎందుకు ఆపాడు, ముక్కలైన లారీ ఇనుము కొన్నవాడికి అనుమానం రాలేదా, ఇంటికాడ ఆడవాళ్లు ఎన్నాళ్లు ఎదురుచూశారు, ఇవీ వాళ్ల ప్రశ్నలు. గైతోండే కథ కూడా ఆ కోవలోదే.

సస్పెన్స్ కోసం సిరీస్ వాళ్లు తమ వంతు ఒకటి కలిపారు. గైతోండే సర్తాజ్‌కు ఫోన్ చేసి 25 రోజుల్లో నీ ఊరిని కాపాడుకో అంటాడు. నవల్లో ఈ గడువు లేదు. టీవీకి అది పనికొచ్చింది, ప్రతి ఎపిసోడ్ చివర రిమోట్ మీద వేలు ఆగదు. మొదటి సీజన్లో సర్తాజ్ భాగం విక్రమాదిత్య మోత్వానే, గైతోండే భాగం అనురాగ్ కశ్యప్ తీశారు. రెండూ రెండు రకాల సినిమాల్లా ఉండి కూడా ఎక్కడా అతుకు కనపడదు. గైతోండేగా చేసిన నవాజుద్దీన్ సిద్దిఖీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కానిస్టేబుల్ కాటేకర్‌గా జితేంద్ర జోషి మాత్రం నాకు నవల్లో కాటేకర్ కంటే కూడా నచ్చాడు. బావకైతే సిరీస్ మొత్తానికీ అతనే హీరో.

2019 ఆగస్టు 15న వచ్చిన రెండో సీజన్ దగ్గర మా ఇద్దరికీ వాదన కూడా లేకుండా పోయింది, ఇద్దరికీ నచ్చలా. గైతోండే నమ్ముకున్న స్వామి గురూజీగా పంకజ్ త్రిపాఠి బాగానే చేశాడు. కానీ ఆశ్రమంలోకి పోయాక కథ బిగువు తగ్గి, ఊరికే తిరుగుతున్నట్టుంటుంది. ముగింపు నవలకూ సిరీస్‌కూ వేరు. ఎలా వేరో చెప్పను, అక్కడ మాత్రం నిజంగానే మజా పోతుంది.

ఒక హెచ్చరిక. నవల ఇంగ్లీషులో ఉన్నా మధ్యమధ్యలో హిందీ, మరాఠీ మాటలు, బూతులు అర్థం చెప్పకుండానే వచ్చేస్తుంటాయి. కాస్త హిందీ వస్తే ఇబ్బంది లేదు. రాకపోయినా సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, ప్రతి మాటకీ ఆగి ఫోన్‌లో వెతక్కండి. మధ్యలో దేశ విభజన నాటి చాప్టర్లు వస్తాయి, సర్తాజ్ వాళ్లమ్మ కథ. చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు. నా పుస్తకంలో బస్ టికెట్ కూడా సరిగ్గా అక్కడే ఉంది. మీరు మూయకండి.

ఇక తెలుగు సంగతి. హాట్‌స్టార్‌లో 2022 జూన్‌లో వచ్చిన '9 అవర్స్' చూడండి. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'తొమ్మిది గంటలు' నవలే దానికి ఆధారం. 1980ల నాటి కథ. ముగ్గురు ఖైదీలు జైల్లోంచి బయటికొచ్చి, ఒకే రోజు బ్యాంకు బ్రాంచీలు దోచుకుని, తొమ్మిది గంటల్లో మళ్లీ జైలుకు చేరిపోవాలన్నది వాళ్ల ప్లాన్. 2023లో చనిపోయిన తారకరత్న ఇందులో పోలీస్ ఆఫీసర్. అద్దె నవలల షాపుల కాలంలో మల్లాది పుస్తకం చేతికందాలంటే వరస కట్టాల్సిందే, అది చూసిన వయసు మీదైతే ఈ సిరీస్ మీద ఆసక్తి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. దీనికి మాత్రం నా సలహా వేరు. ఇక్కడ కథంతా గడియారం మీద నడుస్తుంది, దొరుకుతారా తప్పించుకుంటారా అన్నదే అసలు పట్టు. అది తెలిశాక రెండోది చప్పగా ఉంటుంది. అందుకని నవలో సిరీసో, ముందు ఏది దొరికితే అది పట్టుకోండి. రెండూ కావాలనుకుంటే మధ్యలో ఓ ఏడాది గ్యాప్ ఇవ్వండి.