సూది వేసింది డాక్టరేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. వయసు 26. పెళ్లిచూపులకు ముందు పెదాలు కొంచెం నిండుగా కనిపించాలని హనుమకొండలో ఒక బ్యూటీ క్లినిక్‌లో ఫిల్లర్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. 38 వేలు ఒకరి సొంత నంబరుకు ఫోన్‌పే చేశాను. బిల్లు అడగలేదు, అంగీకార పత్రం కాపీ తీసుకోలేదు. మూడో రోజుకే పై పెదవిలో గడ్డ కట్టింది. ఇప్పటికీ పోలేదు, నవ్వితే మూతి ఒక పక్కకు లాగుతుంది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. అమ్మ రోజూ ఏడుస్తోంది. ఇది జరిగి 22 నెలలైంది. ఇన్నాళ్లూ 'అదే తగ్గుతుంది, ఆగండి' అని వాట్సాప్‌లో చెబుతూ వచ్చారు. ఇప్పుడు బాండ్ పేపరు మీద సంతకం పెడితే డబ్బు వాపసు ఇచ్చి, గడ్డను ఉచితంగా కరిగిస్తామంటున్నారు. పోలీసు కేసు పెట్టాలా? సంబంధం పోయినందుకు పరిహారం వస్తుందా? అప్పటి ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మీరు పంపిన ఆరు ఫొటోల్లో నాలుగోదాన్ని పెద్దది చేసి చూశాను. మీ వెనక అద్దంలో సిరంజి పట్టుకున్న ఒకామె కనిపిస్తోంది. ఆమె వెనక గోడకు ఫ్రేము కట్టించిన కాగితం, దాని మీద 'డిప్లొమా ఇన్ కాస్మెటాలజీ' అన్న అక్షరాలు. ఉత్తరంలో సంబంధం గురించి చాలా రాశారు కానీ, సూది వేసింది ఎవరో ఒక్క మాటా రాయలేదు. మీ కేసు నిలబడేదీ పడేదీ దాని మీదే.

ఎందుకో చెబుతాను. సూది వేసింది రిజిస్టర్డ్ డాక్టరైతే, గడ్డ కట్టినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. ఫిల్లర్‌తో గడ్డలు రావచ్చు, వాపు రావచ్చు, రక్తనాళం మూసుకుపోవచ్చు. 'ముందే చెప్పాం, సంతకం పెట్టింది' అంటారు. అప్పుడు మరో చర్మ డాక్టరు అభిప్రాయం తెచ్చుకుని, ఎక్కడ తప్పు జరిగిందో మనమే చూపించాలి. అర్హత లేని మనిషి వేసి ఉంటే సంగతి వేరు. చదవని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ హోమియో డాక్టరు అల్లోపతి మందులిచ్చాడు. బ్యూటీ డిప్లొమాతో పెదవిలోకి సూది దించినవాళ్లకు అంతకంటే గట్టిగా వర్తిస్తుందని వాదించవచ్చు. కాబట్టి ముందు ఆమె పేరు కనుక్కోండి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆ పేరు ఉందో లేదో చూడండి. క్లినిక్ బోర్డు మీద వేరే డాక్టరు పేరుంటే దాన్ని కూడా ఫొటో తీయండి.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. సూది వేసిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి, గడ్డ కనిపించిన రోజు నుంచి కాదు. మీకు మిగిలింది రెండు నెలలు. వాళ్లు వాట్సాప్‌లో ఎన్నిసార్లు 'ఆగండి' అన్నా గడువు ఆగదు. లీగల్ నోటీసు పంపినా ఆగదు. పోలీసు స్టేషన్‌లో కాగితం ఇచ్చినా ఆగదు. దాటాక ఆలస్యానికి కారణం చూపించి కమిషన్‌ను ఒప్పించవచ్చు గానీ, ఆ భారం మీ నెత్తిన వేసుకోవద్దు. 22 నెలలు ఊరుకోవడం మీ తప్పే అమ్మా, దాన్ని ఇంకా పెంచుకోకండి.

ఆ బాండ్ పేపరు మీద మాత్రం సంతకం పెట్టొద్దు. అందులో 'ఇకపై నాకు ఎలాంటి క్లెయిమ్ లేదు' అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. దాన్నే రేపు కమిషన్ ముందు పెడతారు. 38 వేలకు మీ పెదవి మీద మీ హక్కంతా రాసిచ్చినట్టవుతుంది. డబ్బు ఊరికే వాపసు ఇస్తామంటే బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి. 'ఇది ఫీజు వాపసు మాత్రమే, మిగతా హక్కులు వదులుకోవడం లేదు' అని అదే వాట్సాప్‌లో రాసి పంపండి. ఉచితంగా కరిగిస్తామన్న మాట ఇంకా ప్రమాదం. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరుగుతుంది. సిలికాన్ లాంటిదైతే కరగదు. మీ పెదవిలో ఏముందో మీకే తెలియదు. అదే మనిషి చేత మళ్లీ సూది వేయించుకోకండి.

బిల్లు అడగలేదు, అంగీకార పత్రం కాపీ తీసుకోలేదు, డబ్బు ఎవరిదో సొంత నంబరుకు ఫోన్‌పే చేశారు. చీర కొంటే బిల్లు అడుగుతాం, మొహంలోకి ఎక్కించే మందుకు అడగమా? ఫిల్లర్ డబ్బాలో లాట్ నంబరున్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి మీ చీటీ మీద అంటించి ఇవ్వమనాలి. మిగతా చదువరులూ వినండి: సీల్ మీ కళ్ల ముందే విప్పించుకోండి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, రక్తనాళం మూసుకుంటే వాడే హయలురోనిడేజ్ వాళ్ల దగ్గర ఉందో లేదో అడగండి. వేసిన కాసేపటికే చర్మం పాలిపోయి తీవ్రమైన నొప్పి వస్తే గంటలు లెక్క, చూపు మసకబారితే నిమిషాలు లెక్క. అప్పుడు ఇవన్నీ అడగడానికి టైముండదు.

మీరు చేయాల్సింది ఇది. ఈ వారమే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగానికి వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. జరిగింది దాచకుండా చెప్పి చీటీలో రాయించండి. కరిగించే ముందు ఫొటోలు తీసుకోండి, అల్ట్రాసౌండ్ అవసరమా అని అడగండి. సాక్ష్యం కోసం వైద్యం మాత్రం ఆపొద్దు. రికార్డులు ఇవ్వమని క్లినిక్‌కు స్పీడ్ పోస్టులో రాసి రసీదు దాచండి. డాక్టరైతే అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నిబంధన. ఇవ్వకపోతే ఆ మౌనం కూడా మీకు పనికొస్తుంది. ఫోన్‌పే చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. చాట్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి, ఫోను మార్చకండి. ఫోన్‌లోని సాక్ష్యం కాబట్టి వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి.

ఫిర్యాదు మీ నివాసం ఉన్న వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. యజమానినీ, సూది వేసిన మనిషినీ ఇద్దరినీ చేర్చండి. ఏ కమిషన్‌లో వేయాలి, ఫీజెంత అన్న లెక్క ఇప్పుడు మీరు క్లినిక్‌కు కట్టిన మొత్తాన్ని బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల వరకు కట్టినవాటికి కోర్టు ఫీజు లేదు. అబ్బాయివాళ్లను ఇందులోకి లాగొద్దు. సంబంధం తప్పినదాన్ని మానసిక వేదన కింద నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. పరిహారం ఎక్కువగా వచ్చేది వైద్యం ఖర్చుకు, ముఖానికి జరిగిన నష్టానికి. పోలీసు కేసు తర్వాత చూద్దాం. ఆమె డాక్టరు కాదని తేలితే మెడికల్ కౌన్సిల్‌కూ, జిల్లా వైద్యాధికారికీ (డీఎంహెచ్‌ఓ) ఫిర్యాదివ్వండి. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉంది.

లాయరుకు డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. వెళ్లేటప్పుడు ఆ నాలుగో ఫొటో ఉన్న ఫోను మీ వెంట ఉండాలి.