మొదటి ఆదివారం బల్లకి ద్రాక్షరసం మా ఇంటి వంతు, పులవకుండా ఎలా చేయాలి?

అడిగిన చెల్లెమ్మది గుంటూరు. వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బల్లకి, అంటే యేసు కడరాత్రి విందుకి గుర్తుగా గుడిలో అందరూ తీసుకునే ఆచారానికి, రసం, రొట్టె వాళ్ళింటి వంతు. తీసుకునేవాళ్ళు సుమారు నూట అరవై మంది. క్రితం నెల చేసినవాళ్ళ రసం నురగలు కట్టిందట, అందుకని భయం.

శుక్రవారం చేయండి. అందరూ చేసే పొరపాటు శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక పొయ్యి వెలిగించడం. వడకట్టేసరికి పన్నెండవుతుంది, వేడి రసాన్ని అలాగే మూతపెట్టి గట్టు మీద వదిలేస్తారు, పొద్దున చూస్తే అడుగున మడ్డి, పైన తెట్టు. యేసుని సిలువ వేసిన శుక్రవారాన్ని లూకా సువార్త సిద్ధపరచు దినం అంటుంది. ఆ సాయంత్రం స్త్రీలు సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకుని, విశ్రాంతిదినమైన శనివారం ఊరుకుని, ఆదివారం తెల్లవారుజామున సమాధికి బయల్దేరారు. శుక్రవారం పని శుక్రవారమే ముగించిన ఆ ఆడవాళ్ళ లెక్కే ఈ రసానికీ సరిపోతుంది.

పండు సంగతి. గింజలున్న నల్ల ద్రాక్ష తీసుకోండి. కొన్ని బళ్ళ మీద పన్నీరు ద్రాక్ష అంటారు, తమిళనాడు కంబం వైపు ఏడాది పొడుగునా కాస్తుంది. గింజల్లేని పొడుగు నల్ల ద్రాక్ష తినడానికి బాగుంటుంది గానీ రసానికి వాసన తక్కువ. పచ్చ ద్రాక్షతో చేస్తే రుచికి లోటు లేదు, రంగు చూసి సంఘంలో సగం మంది మొహాలు చిట్లిస్తారు. గుత్తి పైనున్న బూడిదలాంటి పొర పురుగుమందు కాదు, పండు తానే పెట్టుకునే మైనం. మందుల సంగతి వేరే, దానికోసమే ఉప్పునీళ్ళలో పావుగంట నానబెట్టి, రెండుసార్లు మంచినీళ్ళతో కడగాలి. చిట్లినవి, మెత్తబడినవి నిర్దాక్షిణ్యంగా ఏరేయండి. పులుపు మొదలయ్యేది వాటిలోనే.

మూడు కిలోలు కొనండి. చిన్న గ్లాసుకి ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు పడుతుంది, అంటే నూట అరవై మందికి సుమారు లీటరున్నర. కిలో పండుకి ఆరేడు వందల మిల్లీలీటర్ల రసం దిగుతుంది. మూడు కిలోలంటే ఒలికినా, మంచం పట్టినవాళ్ళకి ఇంటికి తీసుకెళ్ళినా సరిపోతుంది.

కాడలన్నీ తీసేసి పండ్లు స్టీలు గిన్నెలో వేయండి. సిలవరు గిన్నె వద్దు, పులుపుకి లోహం వాసన పట్టి రంగు మాడుతుంది. రాగి, ఇత్తడి అసలే వద్దు. కిలోకి ఒక గ్లాసు నీళ్ళు, అంటే పావు లీటరు మించకుండా పోసి సన్నని సెగ మీద పెట్టండి. తొక్కలు పగలడం మొదలయ్యాక పప్పుగుత్తితో మెల్లగా అదమండి. మిక్సీలో వేయకండి. గింజలు నలిగితే వగరు దిగుతుంది, ఆ వగరుని పంచదారతో కప్పలేరు. సలసల మరగనివ్వకండి కూడా. అంచుల్లో చిన్న బుడగలు, పైన ఆవిరి, అంతే. పది నిమిషాలకి తొక్కల రంగంతా రసంలోకి వచ్చేస్తుంది. గుంటూరు వంటింట్లో మే నెలలో ఈ పది నిమిషాలూ పొయ్యి ముందు నిలబడటమే ఒక ఉపవాసం.

తర్వాత మల్లుగుడ్డ. ఉడికించి ఆరేసిన గుడ్డ జల్లెడలో పరచి, రసం పోసి, మూట కట్టి పంపుకి వేలాడదీయండి. గంటసేపు దాని మానాన దాన్ని కారనివ్వండి. పిండకూడదు. పిండితే ఇంకో గ్లాసు వస్తుంది నిజమే, దాంతోపాటు మసకదనం, మడ్డి కూడా వస్తాయి. ఆ పిండిన రసం వేరే గిన్నెలోకి తీసి ఇంట్లో పిల్లలకివ్వండి.

పంచదార కిలో పండుకి వంద గ్రాములు మించొద్దు, పండు తీపిగా ఉంటే అదీ వద్దు. పంచదార వేస్తే నిలవ ఉంటుందనుకుంటారు. పాకంలా చిక్కగా వేస్తేనే నిలవుంటుంది. ఈ కాస్త తీపి పులిపించే సూక్ష్మజీవికి మేత వేసినట్టే. ఆ జీవి ఎక్కడినుంచో రాదు, పండు తొక్క మీదే ఉంటుంది. మన ఎండల్లో బయట పెట్టిన రసం ఒకటి రెండు రోజుల్లో అంచుల్లో బుడగలు కడుతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది, కల్లు వాసన వేస్తుంది. అప్పుడు మళ్ళీ కాచినా లాభం లేదు. జీవి చస్తుంది, పులిసిన రుచి పోదు.

కాబట్టి వడకట్టిన రసాన్ని మళ్ళీ వేడి చేయాలి. చాలామంది ఈ రెండో వేడి మానేస్తారు, క్రితం నెల జరిగింది ఇదే అయి ఉంటుంది. గుడ్డ, జల్లెడ, గరిటె, మన చేయి, ఇన్ని తగిలాక అది శుభ్రమైన రసం కాదు. మళ్ళీ ఆవిరి వచ్చేదాకా కాచి, ఐదు నిమిషాలు ఆ వేడి మీదే ఉంచి, పది నిమిషాలు నీళ్ళలో ఉడికించిన గాజు సీసాల్లో వేడివేడిగా పోయాలి. వేలెడు ఖాళీ వదిలి మూత బిగించి, సీసాని ఒక నిమిషం అడ్డంగా పడుకోబెట్టండి, మూత లోపలివైపుకి కూడా వేడి తగలాలి. సీసా కింద మడతపెట్టిన గుడ్డ ఉండాలి. గ్రానైటు గట్టు మీద పెడితే సీసా చిట్లుతుంది, మూడు కిలోల పండూ మీ కాళ్ళ మీద పారుతుంది. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలు వేడికి వంకర పోతాయి, వాటిని ముట్టుకోకండి.

ఈ పద్ధతి మన వంటింట్లో పుట్టింది కాదు. అమెరికాలో న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే దంతవైద్యుడు, మెథడిస్టు విశ్వాసి, 1869లో పాశ్చర్ పద్ధతిలో ద్రాక్షరసాన్ని వేడి చేసి పులవకుండా ఆపాడు. ఆయనకి కావలసింది వ్యాపారం కాదు, బల్లకి మత్తులేని రసం. వెల్చ్ పేరు ఈ రోజుకీ సీసాల మీద ఉంది. ఆ గిన్నెలు ఎవరు తోమారో ఎవరూ అడగరు.

పులిస్తే ఏమైంది, ద్రాక్షారసమేగా అనేవాళ్ళుంటారు. తెలుగు బైబిల్లో కానా పెళ్ళిలోదీ ద్రాక్షారసమే, కతోలిక గుడుల్లో ద్రాక్షసారాయే వాడాలి, బెజవాడ గుణదల మాత గుడిలో ఈ ప్రశ్నే పుట్టదు. ఆ వాదం పెద్దలకి వదిలేస్తాను. మందు మానేసి, వణుకు తగ్గి, ఆరునెలల తర్వాత బల్ల దగ్గరికి వచ్చిన మనిషి మీ సంఘంలో ఒక్కరున్నా చాలు, ఆ వాసన ఆ గ్లాసులో ఉండకూడదు.

స్క్వాషు కలిపేవాళ్ళ గురించి కూడా ఒక మాట. స్క్వాషులో పండు నాలుగో వంతు ఉంటే నిబంధనకి సరిపోతుంది. మిగతాదంతా పంచదార, నీళ్ళు, రంగు, ఎసెన్సు. దాన్ని మళ్ళీ నీళ్ళతో పల్చన చేసి బల్ల మీద పెడతాం. మామిడికాయ పచ్చడి విషయంలో సీసా పచ్చడి ఒప్పుకోని గుంటూరు ఆడవాళ్ళం, దీనికి మాత్రం ఒప్పుకుంటాం!

సీసాలు చల్లారాక ఫ్రిజ్జులో పెడితే శనివారానికి అడుగున గాజుపొడిలా మెరిసే పలుకులు కనపడతాయి. కంగారు పడకండి. అవి ద్రాక్షలోనే ఉండే లవణం, చలికి గడ్డకడుతుంది. సీసాని కదపకుండా వంచి పైనున్న తేట వేరే సీసాలోకి తీసుకుంటే సరి. శుక్రవారం చేయమన్నది ఇందుకే, తేరడానికి ఒక రాత్రి కావాలి.

రొట్టె తేలిక. వంద గ్రాముల గోధుమపిండి నూట అరవై మందికి చాలు, భయానికి నూట యాభై తీసుకోండి. చిటికెడు ఉప్పు, ఒక చెంచా నూనె, అరవై మిల్లీలీటర్ల నీళ్ళు, చపాతీ పిండికన్నా గట్టిగా కలపాలి. అరగంట నానాక రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందాన ఒత్తి, ఫోర్కుతో అంతటా పొడవండి, లేకపోతే పుల్కాలా పొంగుతుంది. కాల్చకముందే చాకుతో వేలిగోరంత గళ్ళు గీయండి. కాల్చాక కోస్తే పొడి రాలుతుంది, ఆ పొడి బల్లగుడ్డ మీద పడుతుంది, దాని మీదకి చీమలు. సన్నని సెగ, మూత, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. రొట్టె మాత్రం శనివారం సాయంత్రం, ముందు చేస్తే రాయవుతుంది.

ఇప్పుడు ఆదివారం పొద్దున. గుడి తలుపులు తీసేసరికి ఆరున్నర, లోపల ఒక్క ఫ్యాను తిరుగుతుంటుంది, మైకు కుర్రాడు ఇంకా రాడు. బల్ల పక్కన ట్రేలు నాలుగు, ఒక్కో ట్రేకి నలభై గ్లాసులు. ఒకామె గ్లాసుల్ని వేడినీళ్ళలోంచి తీసి గుడ్డ మీద బోర్లిస్తుంది, ఇంకొకామె సన్నమూతి స్టీలు కెటిలుతో ముప్పావు వరకు పోసుకుంటూ పోతుంది. చేతులు వణికే పెద్దవాళ్ళుంటారు కాబట్టి నిండా పోయకూడదు. పోసేటప్పుడు ఇద్దరూ పాట పాడుకుంటారు, గొంతెత్తి కాదు, లెక్క తప్పకుండా ఉండేంత. ఆరాధనలో ఇదొక గంట. ఎనిమిదింటికి వచ్చినవాళ్ళకి బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన నాలుగు దిబ్బలే కనపడతాయి. శనివారం రాత్రే పోసి ఉంచుదామని మాత్రం అనుకోకండి. మూతల్లేని గ్లాసుల్లో పొద్దుటికి చిన్న ఈగలు ఈదుతుంటాయి.

గ్లాసులు కడగడానికి సబ్బు వద్దు, ప్లాస్టిక్‌కి వాసన పట్టేస్తుంది. అయిపోయిన వెంటనే చన్నీళ్ళలో ముంచి, ఇంటికెళ్ళాక వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా వేసి నానబెట్టండి.

బల్లగుడ్డ మీద మరక పడుతుంది, పడకుండా ఏ నెలా ఉండదు. కంగారులో సబ్బు రాస్తారు, ఎర్రమరక నీలం తిరుగుతుంది, ఇక వదలదు. ద్రాక్ష రంగుకి పులుపు తగిలితే ఎరుపు, సబ్బు తగిలితే నీలం. ముందు నిమ్మరసం పిండి ఐదు నిమిషాలుంచండి. తర్వాత గుడ్డని బకెట్టు మీద బిగించి పట్టుకుంటే, ఇంకొకరు జానెడు ఎత్తునుంచి సలసల కాగిన నీళ్ళు మరక మీద ధారగా పోయాలి. మరక పోయాకే సబ్బు. నీలిమందు నీళ్ళలో ముందు బాగా కలిపి గుడ్డ ముంచండి, నేరుగా పోస్తే మచ్చలు. గంజికి లీటరు నీళ్ళకి రెండు చెంచాల సగ్గుబియ్యం కాచి వడగట్టితే చాలు, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ.

మిగిలిన రసం, రొట్టె ఏం చేయాలన్నది మీ పాస్టరుగారిని ముందే అడగండి. కొన్ని సంఘాల్లో పెద్దలే తీసుకుంటారు, కొన్నిచోట్ల మట్టిలో పోస్తారు. సింకులో పోయడం మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అడగని మాట ఒకటి చెప్తాను. ప్రకటనల్లో ఈ నెల రసం, రొట్టె "ఫలానాగారు" సమర్పించారని మీ ఆయన పేరు చదువుతారు. ఆయన ద్రాక్ష సంచి బండి మీద తెచ్చి ఉంటాడు, కాదనను. కానీ లూకా ఇరవై రెండో అధ్యాయం తీసి చూడండి. పస్కా పండుగ భోజనం సిద్ధం చేయమని ప్రభువు పంపింది అక్కచెల్లెళ్ళు మార్తనీ మరియనీ కాదు, మగ శిష్యులు పేతురునీ యోహానునీ. వాళ్ళు వెళ్ళి సిద్ధం చేశారు కూడా. మూట వేలాడదీయడం, సీసాలు ఉడికించడం, మరక మీద నీళ్ళు పోయడం మగవాళ్ళకి రాని విద్యలేం కాదు. ఈ శుక్రవారం మీ ఆయన్ని పప్పుగుత్తి పట్టుకోమనండి. కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, కింద ఇద్దరి పేర్లూ పెట్టి, గుడి బీరువాలో ట్రేల కింద ఉంచండి. వచ్చే నెల వంతు వాళ్ళు మళ్ళీ ఇదే ప్రశ్న అడగక్కర్లేదు.