పిల్లల మణికట్టు ఎముక చిట్లితే పిండికట్టు వేయించాల్సిందేనా?

మీ ఎనిమిదేళ్ల బాబుకు ఎక్స్‌రేలో మణికట్టు ఎముక ఉబ్బినట్టు కనబడిందని, డాక్టరు పిండికట్టు లేకుండా ఊడదీసుకునే పట్టీ ఇచ్చారని, ఇంట్లోవాళ్లేమో పుత్తూరు కట్టు అంటున్నారని రాశారు. రెండేళ్ల క్రితం మా ఇంట్లోనూ ఇదే పంచాయతీ.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. సైకిలు నేర్చుకుంటూ అరచేతుల మీద పడింది. పావుగంటలో ఏడుపు మానేసింది, మేమూ మరిచిపోయాం. రాత్రి కంచం ముందు ఎడమచేత్తో ముద్ద కలపబోతే మా అమ్మ కసిరింది. కసిరాకగానీ కుడిచెయ్యి ఒళ్లోంచి తీయడం లేదని ఎవరమూ గమనించలేదు.

పిల్లల ఎముక పచ్చికొమ్మలాంటిదట. ఒక్కోసారి విరగకుండా నొక్కుకుని ఓ పక్కకు ఉబ్బుతుంది. మూడు వారాలు పట్టీ, నొప్పికి పారాసిటమాల్ అన్నారు డాక్టరు. "ఇంత ఫీజు తీసుకుని గుడ్డ చుట్టి పంపాడా!" అంది మా అమ్మ. బరువైన తెల్లకట్టు, మెడలో జోలె ఉంటేనే మనవాళ్లకు అది వైద్యం. మర్నాటి నుంచి యాపిల్ పళ్ల సంచులతో చుట్టాలు, తలా ఒక వంకరచేతి కథ. పిల్ల హాయిగా బొమ్మలు వేసుకుంటోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!

పుత్తూరు అంటే నాకు చిన్నచూపు లేదు, మా నాన్న కాలికి అక్కడే కట్టించాం. కానీ ఇప్పుడు ఆ బోర్డు లేని ఊరుందా? ఎక్స్‌రే చూడకుండా వెదురుబద్దలు పెట్టి బిగిస్తే రక్తం ఆడక చెయ్యి చచ్చుబడవచ్చు. పైగా ముంజేతి ఎముక పొడవు పెరిగేది ఎక్కువగా మణికట్టు దగ్గరే. దెబ్బ అక్కడ తగిలిందో లేదో చేత్తో తడిమి ఎవరు చెప్పగలరు?

ఇలాంటి ఉబ్బు గాయమే తగిలిన 965 మంది పిల్లలపై బ్రిటన్‌లో చేసిన పరిశోధన 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి మెత్తని పట్టీ ఇచ్చారు, కొందరికి గట్టి కట్టు వేశారు. మూడో రోజు నొప్పిలో తేడా లేదు, ఆరు వారాల దాకా చేతి వాడకంలోనూ లేదు. అందుకని మీ డాక్టరు మాటే వినండి. ఎముక వంగినా, పూర్తిగా విరిగినా లెక్క వేరు, అప్పుడు సరిచేసి కట్టు వేయాల్సి రావచ్చు. ఏ కట్టయినా సరే, వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగిపోతున్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

మా పిల్ల నెల తిరిగేసరికి మళ్లీ సైకిలెక్కింది. వాన పడితే చాలు, మా అమ్మ ఇప్పటికీ "చెయ్యి లాగుతోందా తల్లీ?" అని అడుగుతుంది. లాగుతోందంటే హోంవర్కు తప్పుతుందని దానికి ఎప్పుడో అర్థమైపోయింది.