బడి కరెంట్ బిల్లు తగ్గాలంటే ముందు సోలార్ పెట్టాల్నా, ఫ్యాన్లు మార్చాల్నా?

అక్కా, దేవరకొండ దిక్కు మీ ఊరి హైస్కూల్‌ల బిల్లు మస్తొస్తుంది, సర్కారు బడిని చూసుకునే తల్లుల కమిటీ, అదే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తరఫున దాతల్ని పట్టుకొని సోలార్ పెట్టిద్దామా ఫ్యాన్లు మార్పిద్దామా అని అడిగిన్రు గద. రెండూ జర ఆపుండ్రి. శనివారం బడి ఇడిసినంక మీటర్‌ను ఫోన్ల ఫోటో తియ్యుండ్రి, మళ్ళ సోమవారం పొద్దుగాల తాళం తియ్యకముందు ఇంకోటి తియ్యుండ్రి. అంతే.

నేను మిర్యాలగూడ దిక్కు ఒక సర్కారు బడిల ఫిజిక్స్ చెప్త. పదో తరగతి పిల్లలకు యూనిట్ అంటే ఏందో అర్థం కావాలని ఉత్తగ ఇట్లనే చేపిచ్చిన. కంప్యూటర్ రూం యూపీఎస్, సీసీ కెమెరాలు ఉంటయి కాబట్టి ఎవ్వరు లేని ఆదివారానికి రెండు మూడు యూనిట్లు తిరుగుతయేమో అనుకున్న. తిరిగింది 41. మీటరే తప్పు సార్ అన్నరు పిల్లలు, ఒకడైతే ఎవరో కొండి తగిలిచ్చిన్రు అన్నడు.

తీరా చూస్తే బోరు మోటరు. ఎప్పుడు ఎవరు పెట్టిచ్చిన్రో గని పొలాల కాడ పెట్టే ఆటో స్టార్టర్ ఉంది దానికి, కరెంట్ పొయ్యి వచ్చినప్పుడల్ల దానంతటదే ఆన్ అయితది. ఆ ఆదివారం తెల్లారంగ కరెంట్ పొయ్యి వచ్చిందట, ఇగ సోమవారం మేం పోయేదాక నడుస్తనే ఉంది, ఒకటిన్నర హెచ్‌పీ మోటరు గంటకు దగ్గర దగ్గర ఒకటిన్నర యూనిట్ గుంజుతది, లెక్క సరిపోయింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యుమని రైతులకు చెప్పిన్రు గని బడిల ఉన్నదాన్ని ఎవ్వరం చూసుకోలే. ట్యాంక్ వెనక కానుగ చెట్టు కింద నడి ఎండకాలంల గూడ గడ్డి పచ్చగ ఎందుకుంటదో గప్పుడు సమజైంది. మాది సాగర్ ఎడమ కాల్వ కింద కాబట్టి బోరుల నీళ్ళున్నయి, మీ దిక్కయితే నీళ్ళు లేక మోటరే కాలిపోతుండె. ఆటో స్టార్టర్ పీకేసి మామూలుది పెట్టి, ట్యాంక్ నిండంగనే మోటరును బంద్ చేసే ఫ్లోట్ స్విచ్ వేయిచ్చినం.

ఫ్యాన్ల సంగతి. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంట్ గుంజే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 లోపల్నే తిరుగుతది. వినడానికి బాగుంటది గని బడిల ఫ్యాన్ రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 200 రోజులు తిరుగుతదనుకుంటే ఒక్కోదానికి మిగిలేది 54 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకున్నా 400 కాదు. కొత్త ఫ్యానేమో 2500, 3000. అదే హాస్టల్‌ల అయితే రాత్రిపూట గూడ తిరుగుతయి కాబట్టి రెండేండ్లల్ల డబ్బులు వెనక్కొస్తయి. అందుకే దాత దొరికితే ముందు హాస్టల్‌కు ఇయ్యుమనుండ్రి, క్లాస్‌రూమ్‌ల కాలిపోయినవి కాలిపోయినట్టు మార్చుకుంట పోతే సాలు. ఇంకోటి, గోడకు ఇటుకంత పాత రెగ్యులేటర్ డబ్బా ఉంటే స్పీడ్ తగ్గిచ్చి కొంచెంసేపు ఆగి చెయ్యి పెట్టి చూడుండ్రి, వెచ్చగుంటది, ఆ వేడి గూడ మీటర్‌ల తిరిగే కరెంటే.

పాత చోక్ ట్యూబ్‌లైట్ 50 వాట్ల దాక తీస్కుంటది, ఎల్‌ఈడీ 20, వాటిని మాత్రం ఆలోచించకుండ మార్చుండ్రి. వైరింగ్ చేసేటప్పుడు కిటికీ దిక్కు లైట్లకు సపరేట్ స్విచ్ పెట్టమనుండ్రి, మా ఎలక్ట్రీషియన్ ఒక్క వైరు మిగులుతదని అన్నీ ఒక్క స్విచ్‌కే ఇచ్చిండు, ఇప్పటికీ పట్టపగలు అన్నీ వెలుగుతుంటయి.

పైన స్లాబ్‌కు తెల్ల సున్నం గూడ కొట్టియ్యుండ్రి. బిల్డింగుల పైకప్పు చల్లగుంచాలని 2023ల వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ సర్కారు బిల్డింగులకు అది తప్పనిసరి అంటది. మేం మార్చిల ఒంటిపూట బడులు మొదలుకాకముందే కొట్టినం, మేడమీద గదుల పిల్లలు సార్ ఈ ఏడాది నెత్తి మీద పెంక లేదు అన్నరు.

సోలార్ వద్దనను. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల దాక వస్తది, గని ఎండ దంచే మే నెలల మన బడికి సెలవులు. మనం వాడని కరెంట్‌ను లైన్లకు పంపి బిల్లుల లెక్క తగ్గిచ్చుకునే నెట్ మీటరింగ్ లేకుంటే ఆ కరెంట్ ఎవ్వరికీ కాదు, అందుకే అప్లికేషన్ ముందు ఆ సంగతి కరెంటోళ్ల ఏఈ ఆఫీసుల తేల్చుకోండ్రి.

మీ బోరుకు ఆటో స్టార్టర్ ఉందా అక్కా? ఈ శనివారం రీడింగ్ తీసి, సోమవారం ఎంత తిరిగిందో ఇక్కడ్నే రాయుండ్రి, మోటరు ఎన్ని హెచ్‌పీనో గూడ చెప్పుండ్రి, లెక్క చూద్దం.