రెండు మానిటర్ల బల్ల: ఆచారిని పిలిచేముందు

చి. సౌ. మేనకోడలికి మీ మామ ఆశీస్సులు.

అమ్మీ, కొర్లగుంట ఇంట్లో చిన్న గదిని ఆఫీసు గదిగా మార్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన బల్ల బొమ్మ చూశాను. అందులో పైపలక ఉంది, రెండు మానిటర్లు ఉన్నాయి, అంతే. ఇట్లాంటి బల్లలు పాడయ్యేదంతా పలక కిందా వెనకా ఏమేం రావాలో ముందు అనుకోకపోవడం వల్లే. నీ మోకాళ్లు, మానిటర్ చేతుల క్లాంపులు (స్టాండుకు బదులు తెరను మోసే చేతులను బల్ల అంచుకు బిగించే పట్లు), వైర్లు, ఈ మూడింటికీ చోటు చూసుకున్నాకే వడ్రంగి ఆచారిని పిలువు.

ముందు నీ కొలత తీసుకో. నువ్వు రోజూ కూర్చునే కుర్చీలోనే పాదాలు రెండూ నేలకు ఆనేట్టు కూర్చుని, భుజాలు వదులుగా వదిలి, మోచేతులు మడిచి పెట్టు. నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో మీ నాన్నతో కొలిపించు. కీబోర్డు పైభాగం ఆ ఎత్తులో ఉండాలి. కీబోర్డు మందం ఒక అంగుళం తీసేస్తే వచ్చేదే నీ బల్ల ఎత్తు. ఏమీ చెప్పకపోతే ఆచారి 30 అంగుళాలు చేసేస్తాడు. అది భోజనాల బల్ల లెక్క. నీ పొడుగుకు అది ఎక్కువ. భుజాలు పైకెత్తి టైపు చేయాల్సొస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. నీకు 28, 28న్నర దగ్గర తేలుతుందని నా అంచనా. కింది లెక్కంతా 28న్నరకే వేశాను. నీ కొలత వేరే వస్తే పక్క పలకల ఎత్తు ఒక్కటి మార్చుకుంటే చాలు.

ఇక వెడల్పు. 24 అంగుళాల మానిటర్ అడ్డంగా 540 మి.మీ. దాకా ఉంటుంది, 27 అంగుళాలదైతే 615 దాకా. రెండు 27లు పక్కపక్కన పెడితేనే నాలుగడుగులు నిండిపోతాయి. నువ్వు ఇప్పుడు 24లు కొన్నా రేపు మారుస్తావు కాబట్టి ఐదడుగులు పెట్టుకో. లోతు 30 అంగుళాలకు దగ్గరగా ఉండాలి. తెర కంటికి చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి గదా, రెండడుగుల లోతు బల్ల మీద స్టాండుతో పెడితే తెర ముక్కు మీదికి వస్తుంది.

రెండు తెరలూ సమానంగా వాడతావా, ఒకటి ముఖ్యమా? సమానమైతే రెండూ కలిసే చోటు నీ ముక్కుకు ఎదురుగా, రెండూ కొంచెం లోపలికి వంచి. ఒకటే ముఖ్యమైతే అది నీకు సూటిగా ఎదురుగా, రెండోది పక్కకు 30 డిగ్రీల వాలుగా. ఇది తేలకుండా మానిటర్ చేతులకు చోటు గుర్తు పెట్టొద్దు. తెర పై అంచు నీ కంటి ఎత్తుకు సమంగానో ఇంకాస్త కిందనో ఉండాలి. మీ నాన్న కూడా అక్కడే కూర్చుని పని చూసుకుంటాడంటే, ఆయనది రెండు చూపుల అద్దం కాబట్టి తెర ఇంకా దించాలి. అందుకే స్టాండు కంటే ఎత్తు మార్చుకునే చేతులు మేలు. కొనేముందు మానిటర్ వీపున చెయ్యి బిగించే వెసా రంధ్రాలు ఉన్నాయో లేదో చూడు. 75 లేదా 100 మి.మీ. చదరంగా నాలుగు ఉంటాయి. కొన్ని చవక మోడళ్లకు ఉండవు.

చెక్క సంగతి. చెక్క పొట్టు అంటించి చేసే పార్టికల్ బోర్డు జోలికి వెళ్లొద్దు. క్లాంపు బిగించిన చోట నలిగిపోతుంది, స్క్రూ ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు. చెక్క నారను ఒత్తి చేసే ఎండీఎఫ్ పైకి నున్నగా ఉంటుంది గానీ అంచులో స్క్రూ వేస్తే చీలుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. మన చిత్తూరు వైపు మామిడి చెక్క చవగ్గా దొరుకుతుంది, దానికి పురుగు త్వరగా పడుతుంది. టేకు పలక మంచిదే. కాకపోతే మే ఎండకు ముడుచుకుని, కార్తీక మాసపు వానలకు సాగుతుంది. దాన్ని బిగించేటప్పుడు కోలగా ఉన్న రంధ్రాల్లో స్క్రూ వేసి జరిగే వీలు ఇవ్వకపోతే నెర్రె తీస్తుంది. ఇంత తలనొప్పి నీకెందుకు, 18 మి.మీ. ప్లైవుడ్ తీసుకో. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 303, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికీ ఓర్చుకునే రకం) అని ముద్ర ఉండాలి. ఎంఆర్ అని ఉంటే అది తడికి ఓర్చుకునేది తక్కువ. ఐఎస్ 710 మెరైన్ రకం వంటింటి సింకు కిందికి పెట్టుకోవచ్చు, నీ బల్లకు అంత అక్కర్లేదు. షీటును నిలబెట్టి అంచు వైపు నుంచి చూడు. పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే వేరేది అడుగు.

8 అడుగులు, 4 అడుగుల షీటు ఒక్కటి చాలు. మి.మీ.లో అది 2440, 1220. కోత ఇట్లా వేయించు. పైపలక 1520 పొడవు, 750 వెడల్పు, పొడవు షీటు పొడవు వైపే రావాలి, పైపొర నారలు అటే ఉంటాయి గనక వంగడం తగ్గుతుంది. దాని పక్కన మిగిలే పట్టీలోంచి వెనక అడ్డపలక 1384 పొడవు, 300 ఎత్తు ఒకటి, 75 వెడల్పు పట్టీలు అదే పొడవున రెండు. షీటు చివర మిగిలే ముక్కలోంచి పక్క పలకలు రెండు, ఒక్కొక్కటి 690 ఎత్తు, 600 లోతు. ఇంకా 200 వెడల్పు ముక్క మిగులుతుంది, సీపీయూ పీటకు సరిపోతుంది. రంపం ప్రతి కోతలోనూ 3 మి.మీ. తినేస్తుంది, ఆ లెక్క నేను తీసే చెప్పాను. ఆచారి అంగుళాల్లో మాట్లాడతాడు, షాపు మిషన్ మి.మీ.లో కోస్తుంది. కాగితం మీద మి.మీ. ఒక్కటే రాసి ఇవ్వు. రెండూ రాస్తే ఎవరికి తోచింది వాళ్లు చదువుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం, వెనక అడ్డపలక. అది లేకపోతే బల్ల పక్కలకు ఊగుతుంది. నువ్వు టైపు చేస్తుంటే చేతుల మీద వేలాడే తెరలు వణుకుతాయి. దాన్ని పైపలకకు ఆనించి, రెండు పక్క పలకల మధ్య బిగిస్తే ఊగడమూ ఆగుతుంది, పలక నడిమి వాలడమూ తగ్గుతుంది. అయితే ఆచారి అలవాటు కొద్దీ దాన్ని పైపలక వెనకంచుకు సమంగా పెట్టేస్తాడు. అప్పుడు క్లాంపు దవడ దూరడానికి చోటుండదు. కొన్న చేతులు పెట్టెలోనే ఉండిపోతాయి. కాబట్టి పైపలక వెనక 100 మి.మీ. బయటికి రావాలి, ముందు 50, పక్కలకు 50. పక్క పలకల వెనకంచుకు అడ్డపలక సమంగా రావాలి. ఆ 100 మి.మీ. భాగం కింద, వెనకంచు పొడుగునా ఒక 75 పట్టీని ఫెవికాల్, స్క్రూలతో అంటించు. క్లాంపు పట్టుకునే చోట మందం 36 మి.మీ. అవుతుంది. పలక మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది, రెండూ ఒక్కటిగా అతుక్కున్నప్పుడు మాత్రమే. అందుకే ఉత్త స్క్రూలతో సరిపెట్టనీయొద్దు. క్లాంపు ఎంత మందం దాకా పడుతుందో పెట్టె మీద రాసి ఉంటుంది, సన్‌మైకాతో కలిపి 38 దాటేది చూసుకో. దవడ కింద చిన్న ఇనుప రేకు పెడితే సన్‌మైకా నలగదు. రెండో 75 పట్టీని ముందంచుకు 100 లోపల, నిలువుగా బిగించు. మోకాళ్లకు ఇంకా రెండడుగుల పైచిల్లర ఎత్తు మిగులుతుంది.

ఒకే స్తంభానికి రెండు చేతులుండే రకం కంటే విడివిడిగా రెండు తీసుకో. బరువంతా నడిమధ్య పడకుండా ఇటొకటి అటొకటి పడుతుంది. ఇంకో సంగతి, చెయ్యి మడిచినప్పుడు దాని మోచెయ్యి వెనక్కి పొడుచుకొస్తుంది. బల్లను గోడకు ఆనించి పెడతానంటే కుదరదు.

స్క్రూల పొడవు దగ్గర చాలా బల్లలు పాడవుతాయి. 18 మీద 18 అంటించేటప్పుడు ఒకటిన్నర అంగుళం స్క్రూ వేస్తే మొన పైకి పొడుచుకొస్తుంది. అంగుళంపావు వాడాలి. ఎల్ బ్రాకెట్లతో పైపలక బిగించడానికి 16 మి.మీ.ది చాలు. పక్క పలకల నుంచి అడ్డపలక అంచులోకి 7 మి.మీ. లావు, 50 మి.మీ. పొడవు కన్ఫర్మాట్ స్క్రూలు (పలకలు కలపడానికి వాడే లావు స్క్రూలు), పక్కకు మూడు, ముందు 5 మి.మీ. డ్రిల్లుతో బెజ్జం వేశాకే. బెజ్జం లేకుండా తోస్తే ప్లై పొరలు విచ్చుకుంటాయి. ఇవన్నీ విప్పదీసుకోగలిగేవి. మీరు అద్దె ఇంట్లో ఉన్నారు. మేకులు కొట్టి, అంటించి ఒకటే చేసేస్తే రేపు ఇల్లు మారేటప్పుడు ఐదడుగుల బల్ల మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది. పైపలక, పక్కలు, అడ్డపలక ఎప్పటికీ విడివిడిగానే ఉండాలి. రెండు పట్టీలను మాత్రం పైపలకకు అంటించేయొచ్చు.

సన్‌మైకా పైన 1 మి.మీ.ది మాట్ రకం. మెరిసేది తీసుకుంటే ట్యూబులైటు వెలుగు కంట్లో కొడుతుంది. పలక కింది వైపు కూడా 0.8 మి.మీ. పలుచటిది అంటించమను. ఎవరూ చూడరు గదా అని మానేస్తారు. ఒకవైపే అంటిస్తే రెండు వైపులా తేమ ఒకేలా పట్టదు, పలక గిన్నెలా వంగుతుంది. కిందిది పట్టీలు బిగించే చోట్లు వదిలి అంటించాలి, సన్‌మైకా మీద ఫెవికాల్ పట్టదు. ఫెవికాల్ రాశాక ఒక రాత్రంతా బరువు కింద ఉంచాలి. ముందంచుకు టేకు బీడింగ్ వేయించి చిత్రికతో గుండ్రంగా తీయించు. అక్కడ మణికట్టు రోజంతా ఆనుతుంది, సన్‌మైకా కోసు అంచు చర్మాన్ని కోస్తుంది. పక్క పలకల కిందంచుకు రెండు పూతలు పెయింటు, ఆపైన 12 మి.మీ. లెవలర్లు, అంటే ఎత్తు సర్దుకునే చిన్న కాళ్లు. ఇల్లు తుడిచిన తడీ చెదలూ ముందు పట్టేది అక్కడే.

వైర్లకు 60 మి.మీ. రంధ్రాలు రెండు, వెనకంచు నుంచి 170 దూరంలో, అడ్డపలకకు ముందు పడేట్టు. మన మూడు పిన్నుల ప్లగ్గు సులువుగా దూరాలి గదా. అడ్డపలక ముందు వైపు, పైన, ఒక రేకు ట్రే బిగించి స్పైక్ గార్డు అందులో పెట్టు. చేతులు ముందుకు లాగినప్పుడు బిగుసుకోకుండా ప్రతి మానిటర్ వైరుకూ ఒక అడుగు వదులు ఉండాలి. రెండు మానిటర్లు, ఒక కంప్యూటర్ 6 ఆంపియర్ల సాకెట్టుకు ఎక్కువేం కాదు, ఎర్తింగ్ ఉందో లేదో మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చూపించు. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించొద్దు.

సొరుగులు బల్లలోనే కావాలని రాశావు. వద్దు. కాళ్ల చోటు తినేస్తాయి, ఒక్క షీటులో రావు కూడా. చక్రాల సొరుగుల పెట్టె తర్వాత విడిగా చేయించుకో. చేయిస్తే సొరుగు జారే టెలిస్కోపిక్ ఛానల్‌కు పక్కకు అరంగుళం పోతుందని, సొరుగు పెట్టె వెడల్పు ఖాళీ కంటే 26 మి.మీ. తక్కువ ఉండాలని ఆచారికి గుర్తు చేయి.

బిగింపు రోజు నువ్వు అక్కడే ఉండు. పైపలక వేసేముందు మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండు వైపులా టేపుతో కొలువు, రెండూ సమానంగా రావాలి, 3 మి.మీ. తేడా దాకా సర్దుకోవచ్చు. కూలీ రోజు లెక్కన కాకుండా మొత్తం పనికి మాట్లాడుకుని, సగం డబ్బు ఈ కొలత అయ్యాకే ఇవ్వు. నెల తర్వాత స్క్రూలన్నీ ఒకసారి బిగించు, కొత్తలో కొంచెం వదులవుతాయి. కోత కాగితం రాశాక షాపుకు పంపేముందు నాకు ఫోటో పెట్టు.

మీ మామ