వాడిన చీర వాపసు: కేసు ఉంది, కానీ మీరనుకున్న చోట కాదు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. 2024 ఆగస్టు 9న హైదరాబాద్‌లోని ఒక పెద్ద వస్త్ర దుకాణంలో రూ.42,000 పెట్టి కంచి పట్టు చీర కొన్నాను. పదిహేను రోజుల్లో తెస్తే ఏ ప్రశ్నా అడగకుండా డబ్బు వాపసు ఇస్తామని అక్కడ బోర్డు ఉంది. మా ఆడపడుచు కూతురి పెళ్లిలో ఒక్క పూట, ఫాల్ కూడా కుట్టించకుండా, ట్యాగు తీయకుండా కట్టుకుని 21వ తేదీన తీసుకెళ్లాను. నేను చదవకుండానే ఒక ఫారం మీద సంతకం చేయించుకుని, నకలు ఇవ్వకుండా, చీర విప్పి, మడతల్లో అక్షింత గింజ దొరికిందని అందరి ముందూ నన్ను మోసగత్తె అన్నారు. డబ్బు ఇవ్వలేదు. చీర తిరిగి ఇచ్చి, బిల్లు వాళ్లే ఉంచుకున్నారు. ఆ అవమానంతో నెల రోజులు మనిషిని కాలేకపోయాను. అమెరికాలో ఏడాది వాడినవి కూడా మారు మాట లేకుండా తీసుకుంటారని మా అన్నయ్య అంటాడు. అదే రకం చీర ఆ దుకాణంలోనే మళ్లీ కొని, కొత్త బిల్లుతో పాత చీర ఇచ్చేయమని మా మరిది సలహా. మొన్న మార్చిలో చీరను పాలిష్‌కు ఇస్తే, ఆ పాలిష్ చేసే అతను ఒక పోగు కాల్చి, ముద్దకట్టింది, ఇది పూర్తి పట్టు కాదన్నాడు. పరువు నష్టానికి రూ.5 లక్షల దావా వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మూడొంతులు కౌంటర్ దగ్గర జరిగిన అవమానం గురించే ఉంది. దాని మీద నేను ఎక్కువ రాయబోవడం లేదు. మీ వ్యవహారాన్ని తేల్చే సంగతి ఉత్తరం చివర ఒక్క వాక్యంలో, అదీ మాటవరసకు చెప్పినట్టుగా ఉంది: పోగు కాల్చితే ముద్దకట్టిందని. మీకు కేసంటూ ఉంటే అది ఆ పోగులోనే ఉంది. బోర్డులో లేదు, అక్షింత గింజలో లేదు, మిమ్మల్ని అన్న మాటలో అంతకన్నా లేదు.

ముందు బోర్డు సంగతి. మనసు మారింది కనుక కొన్న వస్తువును వాపసు తీసుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ దుకాణదారును సాధారణంగా నిర్బంధించదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(47) సెక్షను, లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లో వాపసు తీసుకుని డబ్బు చెల్లించడానికి నిరాకరించడాన్ని అనుచిత వ్యాపార విధానంగా పరిగణిస్తుంది. అక్కడ కీలకమైన మాట లోపం. లోపం లేని సరుకును వాపసు తీసుకుంటామనడం దుకాణం తనంత తానుగా ఇచ్చే హామీ. దానికి వాళ్లు పెట్టిన షరతులే వర్తిస్తాయి. మీరు సంతకం చేసిన ఫారం నకలు మీ దగ్గర లేదు, దాని మీద ఏముందో చదవలేదని మీరే రాశారు. ఇలాంటి ఫారాల మీద 'వాడలేదు, ఉతకలేదు, ఫాల్ కుట్టించలేదు' అన్న వాక్యం అచ్చై ఉండటం మామూలు. చదవకుండా సంతకం చేశాననడం ఏ వినియోగదారుల కమిషన్ ముందూ జవాబు కాదు. ఏ ప్రశ్నా అడగమంటే, నచ్చకపోవడానికి కారణం అడగమని అర్థమే గాని, కట్టారా లేదా అని చూడమని కాదు.

సరుకుల విక్రయ చట్టం, 1930లోని 42వ సెక్షను ప్రకారం, సరుకు అందాక అమ్మకందారు యాజమాన్యానికి పొసగని పని ఏదైనా కొనుగోలుదారు చేస్తే, సరుకును స్వీకరించినట్టే లెక్క. పెళ్లిలో కట్టుకోవడం అలాంటి పనే. పైగా, ఫాల్ కుట్టించలేదన్న మాటను మీరు జాగ్రత్తకు నిదర్శనంగా రాశారు. అవతలి న్యాయవాది దాన్ని మరోలా చదువుతాడు. నలభై రెండు వేల పట్టు చీరను ఫాల్ లేకుండా, ట్యాగు లోపలికి దోపి పెళ్లికి కట్టుకోవడమంటే, కట్టకముందే తిరిగి ఇచ్చేయాలని నిశ్చయించుకున్నట్టే కదా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉందని నేననుకోను. దుకాణం రద్దీలో చీరను సరిగ్గా చూసుకోలేక, ఇంటికి వెళ్లి వెలుతురులో రంగు నప్పలేదని గ్రహించిన మనిషి కోసం పెట్టిన సౌకర్యం అది. దాన్ని అద్దె లేని అద్దె చీరగా వాడుకుంటే ఆ ఖర్చు దుకాణదారు జేబులో ఆగదు, తర్వాత కొనేవారి ధరలోకి ఎక్కుతుంది. ఒకసారి కట్టిన పట్టు చీరను కొత్తదని అమ్మడం ఇంకొకరికి చేసే మోసం కనుక, నిజాయతీ గల దుకాణదారు దాన్ని మళ్లీ అరలో పెట్టలేడు కూడా.

మీ అన్నయ్య చెప్పిన అమెరికా మాట సగమే నిజం. అక్కడ కూడా ఇలాంటి ఉదారత ఆయా దుకాణాల ఇష్టం. కాలపరిమితి లేకుండా ఏ వస్తువునైనా వాపసు తీసుకుంటామని దశాబ్దాల పాటు పేరు తెచ్చుకున్న ఎల్.ఎల్.బీన్ అనే సంస్థ, కొందరు ఆ హామీని దుర్వినియోగం చేస్తున్నారని చెప్పి 2018 ఫిబ్రవరిలో దాన్ని ఏడాదికి కుదించింది, బిల్లు చూపాలంది. ఆర్.ఇ.ఐ. అనే మరో సంస్థ 2013లోనే ఆ పని చేసింది. మీ అన్నయ్య చూసింది అలా కుదించక ముందు రోజులైనా కావచ్చు, ఇంకా కుదించని దుకాణమైనా కావచ్చు; రెండిటిలో ఏదీ హైదరాబాద్ దుకాణం మీద మీకు హక్కు ఇవ్వదు.

ఇక మీ మరిది ఇచ్చిన సలహా. దాన్ని ఈ క్షణమే వదిలేయండి. కొత్త చీర బిల్లు చూపించి పాత చీరను అంటగట్టి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షను కింద మోసం. శిక్ష ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. ఇప్పటివరకు మీరు చేసినది ఫలించని ఒక ప్రయత్నం, డబ్బు మీ చేతికి రాలేదు కనుక దుకాణం కూడా దాన్ని అక్కడితో వదిలేసింది. మరిది మాట వింటే అది ఫలించిన నేరమవుతుంది. ప్రతి చీరకూ విడి బార్‌కోడ్, కౌంటర్ మీద కెమెరా ఉండే దుకాణంలో ఆ నేరం దాగుతుందని ఆయన ఎలా అనుకున్నారో నాకు తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ చీర. దాన్ని మీ చేతులతో ప్రతివాదికి అప్పగించడం ఎంత తెలివితక్కువ పనో ఆలోచించండి. పెళ్లి ఫొటోలను తీసేయాలన్న ఆలోచన కూడా వద్దు. అవి ఆల్బంలోనూ, బంధువుల ఫోన్లలోనూ ఉంటాయి. మీ ఫోన్లో మాత్రమే లేకపోవడం మీకే అనుమానం తెస్తుంది.

ఇప్పుడు పోగు దగ్గరికి వద్దాం. బిల్లులోనో లేబుల్ మీదనో పూర్తి పట్టు అని రాసి, కల్తీ పోగుతో నేసిన చీర అమ్మితే, అది వర్ణనకు సరిపోని సరుకు. విక్రయ చట్టం 15వ సెక్షను ప్రకారం సరుకు వర్ణనకు సరిపోవాలన్నది అమ్మకంలో అంతర్గతంగా ఉండే షరతు. వినియోగదారుల చట్టం 2(47) కూడా సరుకు నాణ్యత గురించి, దానిలో కలిసిన పదార్థాల గురించి తప్పుడు ప్రకటన చేయడాన్ని అనుచిత వ్యాపార విధానమనే అంటుంది. చీరను స్వీకరించాక దాన్ని తిరస్కరించే హక్కు విక్రయ చట్టం కింద మామూలుగా పోతుంది గాని, నష్టపరిహారం అడిగే హక్కు పోదు. పోగులోని కల్తీ కంటితో చూసి కనిపెట్టగలిగే లోపం కాదు కనుక, కట్టుకోవడంతో దాన్ని కూడా ఒప్పుకున్నట్టేననే వాదన నిలవడం కష్టం. వినియోగదారుల చట్టం 39వ సెక్షను కింద కమిషన్ ధర వాపసు ఇవ్వమనవచ్చు, చీర మార్చి ఇవ్వమనవచ్చు, పరిహారం చెల్లించమనవచ్చు. మీరు చీర కట్టారా లేదా అన్న ప్రశ్నతో సంబంధం లేకుండా నిలబడే వాదన ఇదొక్కటే.

కానీ ఒక పెద్ద సందేహం ఉంది, అది తీరకుండా అడుగు వేయవద్దు. పాలిష్ చేసే అతను కాల్చింది చీర ఒంటి నుంచి తీసిన పోగా, అంచులోని జరీ పోగా? పట్టు పోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. అయితే ఇప్పుడు మార్కెట్లో దొరికే జరీలో చాలా భాగం పాలియెస్టర్ పోగు మీద చుట్టినదే. అసలు కంచి జరీలో పట్టు పోగు మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేస్తారు, దాని ధర వేరు. అతను కాల్చింది జరీ పోగైతే, చీర పట్టు కాదని దానితో ఏమీ రుజువు కాదు. బిల్లులో శుద్ధ జరీ అని రాసి ఉంటే తప్ప మీకు వాదనే మిగలదు. అతని దగ్గరికి వెళ్లి ఏ పోగు తీశాడో అడగండి. ఇంకో పోగు మాత్రం కాల్చనివ్వకండి. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్ సంస్థ కేంద్రాల్లో పట్టును పరీక్షిస్తారు. అక్కడ పరీక్ష చేయించి, ఫలితం కాగితం మీద తీసుకోండి. చీర మీద సిల్క్ మార్క్ హోలోగ్రామ్ లేబుల్ ఉంటే, దాని నంబరు కనిపించేలా ఫొటో తీసి ఉంచండి. ఆ నివేదిక ఫిర్యాదు వేయడానికి సరిపోతుంది. దుకాణం దాన్ని ఒప్పుకోకపోతే, కమిషన్ 38వ సెక్షను కింద నమూనా తీసి, సీలు వేసి, తగిన ప్రయోగశాలకు పంపుతుంది. దానికి రుసుము మీరు ముందుగా కట్టాలి. అందుకే చీరను ఇక ఉతికించవద్దు, పాలిష్ చేయించవద్దు, ట్యాగు కదిలించవద్దు.

బిల్లు విషయంలో మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. నలభై రెండు వేల రూపాయల బిల్లు అసలు ప్రతిని, జెరాక్స్ గాని ఫోన్లో ఫొటో గాని లేకుండా, రసీదు తీసుకోకుండా అవతలివారి చేతిలో పెట్టి రావడం ఏమిటి? ఆ బిల్లు మీద ఏ వర్ణన ఉందన్న దాని మీదే ఇప్పుడు మొత్తం కేసు నడవాలి. అదృష్టవశాత్తూ జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం వ్యాపారి తన లెక్కల పత్రాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. కాబట్టి నకలు వాళ్ల దగ్గర ఉండి తీరాలి, లేదని చెప్పే వీలు లేదు. కార్డుతోనో యూపీఐతోనో చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి, ఆ రోజు ఫోనుకు వచ్చిన సందేశాలు వెతకండి. వాటిని ముద్రించి దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వవలసిన ధ్రువపత్రం జత చేయండి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని సివిల్ కోర్టు అంత కఠినంగా పాటించదు గాని, అవతలివారికి ఆ అభ్యంతరం మిగల్చడం దేనికి?

కాలపరిమితి మరో ముప్పు. వినియోగదారుల చట్టం 69వ సెక్షను ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. కల్తీ సంగతి మార్చిలోనే తెలిసింది కనుక అప్పటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు, ఆలస్యాన్ని మన్నించమని అదే సెక్షను కింద కారణాలతో అడగనూ వచ్చు. కానీ వాదించగలమన్న ధీమాతో గడువు దాటనివ్వడం తప్పు. కొన్న తేదీ నుంచే లెక్కపెట్టి 2026 ఆగస్టు 8 లోపు ఫిర్యాదు కమిషన్‌లో ఉండేలా చూడండి. మీ ఉత్తరం మీద మే 4 అని ఉంది, అంటే మూడు నెలలే చేతిలో ఉన్నాయి. చాలామంది లీగల్ నోటీసు పంపి, జవాబు కోసం ఎదురుచూస్తూ, నోటీసు తేదీ నుంచి కొత్తగా రెండేళ్లు మొదలవుతాయని భ్రమపడతారు. నోటీసు గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. పదిహేను రోజుల గడువిచ్చి, బిల్లు నకలు, మీరు సంతకం చేసిన ఫారం నకలు కోరుతూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అంతే.

పరువు నష్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. నోటి మాటతో కలిగిన పరువు నష్టానికి సివిల్ దావా గడువు ఒక్క ఏడాది, అది నిరుడు ఆగస్టులోనే దాటిపోయింది. న్యాయ సంహిత 356వ సెక్షను కింద క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఇంకా మిగిలి ఉన్నా, నేను వద్దనే చెబుతాను. అక్కడ మొదటి ప్రతివాదం ఆ మాట నిజమేనని ఉంటుంది, దానికి రుజువుగా మీ సంతకమే చూపిస్తారు.

ఫిర్యాదు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి; వినియోగదారుల చట్టం 34వ సెక్షను ప్రకారం మీరు నివసించే చోట వేయవచ్చు, హైదరాబాద్ తిరగనవసరం లేదు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కనుక రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచి కూడా దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. అందులో చీర కట్టుకున్నట్టు, ఆగస్టు 21న వాపసు అడిగినట్టు మీరే ముందుగా, దాచకుండా రాయండి. ఫిర్యాదుతో పాటు ప్రమాణపత్రం ఇవ్వాలి. ప్రమాణం చేసి అబద్ధం చెబితే న్యాయ సంహిత 229వ సెక్షను కింద శిక్ష వేరుగా ఉంది. ధర వాపసు లేదా కల్తీ వల్ల తగ్గిన విలువ మేరకు పరిహారం, పరీక్ష ఖర్చులు, ఫిర్యాదు ఖర్చులు అడగండి. మనోవేదన కింద రూ.5 లక్షలు అడిగితే, పెళ్లిలో కట్టుకుని వాపసు తెచ్చిన మనిషి అడుగుతున్న మొత్తంగా అది కమిషన్ కంటికి కనిపిస్తుంది. ఆ పద్దు వదిలేయడమే మంచిది. కమిషన్ నోటీసు అందాక దుకాణం జవాబివ్వడానికి ముప్పై రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో పదిహేను రోజులు ఉంటాయి, అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. పరీక్షలో చీర పూర్తి పట్టేనని తేలితే మాత్రం ఫిర్యాదు వేయకండి. ఫాల్ కుట్టించుకుని కట్టుకోండి.