హాజరు పట్టీతో మొదలుపెట్టమ్మా

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు పంపిన ఫిబ్రవరి పత్రిక చిత్తుప్రతి అందింది. బడి విశేషాలు ప్రతి నెలా ఇళ్లకు చేరాలని మీ చర్చి ఫాదరైన విచారణ గురువులు అడగడం, ప్రధానోపాధ్యాయురాలివైన ఏడాదే నువ్వు ఆ పని నెత్తికెత్తుకోవడం నాకు నచ్చాయి. ప్రతి మాత్రం నచ్చలేదు. మొదటి పేజీ నిండా బిషప్పు మేత్రాణులవారి రాక, పూలదండలు. లోపల ప్రహరీగోడకు చందాలిచ్చినవారి పేర్లు, ఎవరెంత ఇచ్చారో సహా. వెనకవైపు ‘తరచూ బడి మానుతున్న విద్యార్థులు’ అని తరగతుల వారీగా జాబితా. బడి పేరుతో వచ్చే కాగితంలో పిల్లలు కనిపించింది ఆ జాబితాలో మాత్రమే! ముందు దాన్ని తీసెయ్యి, మిగతాది తరువాత మాట్లాడుకుందాం.

జనవరి చివరి నుంచి మన గుంటూరు వైపు బడి మానే పిల్లలు సోమరులు కారు. ఇవి మిరప కోతల రోజులు. తల్లీ తండ్రీ తెల్లవారుజామునే ఆటో ఎక్కి చేలకు పోతే, మూడేళ్ల తమ్ముణ్ణి చూసుకోవడానికి మూడో తరగతి అక్క ఇంట్లో ఉండిపోతుంది. ఆ పిల్ల పేరు అచ్చులో వేస్తే తల్లికి సిగ్గు, పిల్లకు భయం. తమ్ముణ్ణి చూసే దిక్కు మాత్రం అప్పటికీ ఉండదు. ఆ జాబితా ఉన్న చోట, అంగన్‌వాడీ ఎన్ని గంటలకు తెరుస్తారో, చిన్నవాణ్ణి అక్కడ దించి అక్క నేరుగా బడికి రావచ్చని రెండు వాక్యాలు వెయ్యి. వేసే ముందు అంగన్‌వాడీ టీచరుతో స్వయంగా మాట్లాడు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఈ నెలల్లోనే మీ గుమ్మం దగ్గర తచ్చాడుతుంటారు. ఏ తరగతిలో కూర్చోవచ్చు, భోజనం ఉంటుందా, ఎవరిని అడగాలి అన్నది వాళ్లకు ఎవరూ చెప్పరు. నీ పత్రిక చెప్పాలి.

అందుకే వార్తలకోసం ఫొటోల దగ్గరికి కాదు, హాజరు పట్టీ దగ్గరికి వెళ్లు. నెల పట్టీ మొత్తం ముందేసుకుని కూర్చో. ప్రతి సోమవారం రాని పిల్లవాడెవరు? మధ్యాహ్నం గంట కొట్టాక మాయమయ్యేది ఎవరు? ఎందుకని ఆరా తీస్తూ పోతే పత్రికకు విషయం దొరుకుతుంది, పిల్లల మంచిచెడ్డలూ తెలుస్తాయి. విశేషాలు రాయడం ఒక పని, పిల్లలను కనిపెట్టి ఉండడం ఇంకో పని అని నువ్వు రెండు పుస్తకాలు తెరవబోతున్నట్టున్నావు. ఒక్కటి చాలు.

పట్టీ తరువాత మధ్యాహ్న భోజనం. టీచర్ల గదిలో కాకుండా వరండాలో పిల్లల వరుసలోనే కూర్చుని తిను. నేను పనిచేసే రోజుల్లో ఒక పిల్ల గుడ్డు పెట్టిన రోజున దాన్ని తినేది కాదు. పెన్సిల్ డబ్బాలో పెట్టి, మూత పడకపోతే జడకు ఉన్న రబ్బరు బ్యాండు తీసి డబ్బాకు బిగించేది. జడ ఊడిపోయి సాయంత్రం దాకా జుట్టు మొహం మీద పడుతుంటే, క్లాసు టీచరు శుభ్రత లేదని దాన్ని కోప్పడేది. గుడ్డు ఇంట్లో చెల్లికట. తల్లి ఆసుపత్రిలో ఉందన్న సంగతి మాకు అలా తెలిసింది. ఇలాంటివి పత్రికలో వేసేవి కావు, నీ దగ్గర ఉండవలసినవి. ఏది వెయ్యాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, ఏది వెయ్యకూడదో నువ్వు నేర్చుకోవాలి.

ఇక ఈ నెల సంగతి. 9, 10, 11 తేదీల్లో గుణదల మరియమాత ఉత్సవాలు. సగం బడి విజయవాడలోనే ఉంటుంది. సరిగ్గా 10వ తేదీనే దేశమంతా బడుల్లో నులిపురుగుల మాత్ర వేసేది కూడా. నీ ప్రతిలో ఉత్సవం గురించి పావు పేజీ ఉంది, మాత్ర ఊసే లేదు. అది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర, నమిలి మింగాలి, జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజు వేయరు. ఊళ్లో లేనివారికీ, ఒంట్లో బాగాలేనివారికీ తరువాత మరో రోజు వేస్తారు. ఆ తేదీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏ.ఎన్.ఎం.ను అడిగి పెద్ద అక్షరాలతో వెయ్యి. తల్లులకు పనికొచ్చే వార్త అంటే అది.

ఉత్సవం నుంచి కొందరు గుండ్లతో వస్తారు. చిన్న మగపిల్లలకు అదో సంబరం. ఐదో తరగతి ఆడపిల్లకు మాత్రం ఆ వారం గడవడం కష్టం. స్కార్ఫు కట్టుకుని వస్తుంది, వెనక బెంచీవాడు లాగుతాడు. స్కార్ఫు, టోపీ పెట్టుకోవచ్చని పత్రికలో ముందే వెయ్యి. క్లాసు టీచర్లకు విడిగా చెప్పు, గుణదలలో తలనీలాలు ఇచ్చినవారూ తిరుమలలో ఇచ్చినవారూ ఒకే బల్ల మీద కూర్చునే బడి మనది.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. సత్యోపదేశం, అంటే మన క్రైస్తవ మతబోధ, జరిగే పీరియడులో ఇతర మతాల పిల్లలను వరండాలో ఊరికే కూర్చోబెడుతున్నారని మీ టీచరమ్మ ఒకామె అంది. ఎయిడెడ్ బడిలో మతబోధకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలను కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతుంది. బయట ఖాళీగా కూర్చోబెట్టడం దానికి జవాబు కాదు, ఆ పిల్లలకది శిక్షలాగే అనిపిస్తుంది. కథల పుస్తకాలిచ్చి ఒక టీచరును వాళ్ల దగ్గర ఉంచు. మన క్రైస్తవుల విభూతి బుధవారం ఏ అక్షరాలతో వేస్తావో రంజానూ ఉగాదీ అవే అక్షరాలతో వెయ్యి.

పత్రికను ఇళ్లలో చదివేది ఎవరనుకున్నావు? మీ ఊళ్లో చాలా ఇళ్లలో మూడో తరగతి పిల్లే నాయనమ్మకు చదివి వినిపిస్తుంది. ‘సర్వతోముఖాభివృద్ధి’ దగ్గర దాని నోరు తిరగదు. ఒక్క కాగితం, రెండు వైపులా, పొట్టి వాక్యాలు, తెలుగులోనే. ఫోనుల్లో పంపినా కాగితం మానకు, ఫోను పగలంతా తండ్రి జేబులో చేలోనే ఉంటుంది.

పుట్టినరోజుల జాబితా బాగుంది. కానీ మే నెలలో పుట్టినవారు ఏటా ఎగిరిపోతారు, వాళ్లను ఏప్రిల్ సంచికలో వెయ్యి. బూట్లు, సంచులు దానమిచ్చే పెద్దమనిషి వాటిని పట్టుకున్న పిల్లల ఫొటో అడుగుతాడు. ఇవ్వకు. దాత ఫొటో వేసుకో, బూట్ల ఫొటో వేసుకో, పిల్ల మొహం మాత్రం వద్దు. దాని మొహం బొమ్మ గీసినప్పుడో, ఆటలో గెలిచినప్పుడో, చెట్టుకు నీళ్లు పోసినప్పుడో వెయ్యి, అదీ ఇంట్లో అడిగాక.

ఇంట్లో ఎవరైనా పోయిన పిల్ల తిరిగి బడికి వచ్చే రోజున అసెంబ్లీలో నిలబెట్టి అందరితో ప్రార్థన చేయించకండి. ప్రార్థన ఆ పిల్ల రాకముందు రోజు చేయించు. పక్కన ఎవరు కూర్చోవాలో ముందే అనుకో. పత్రికలో పేరు వెయ్యాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం.

చివరిది, నువ్వు అడగలేదు కానీ రాస్తున్నాను. తనను ఎవరో తాకకూడని చోట తాకారని పిల్లలెవరైనా చెబితే, లేదా చెప్పలేక చెబితే, కమిటీ కోసమో విచారణ గురువుల అనుమతి కోసమో ఆగకు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పి తీరాలి. బడిలో పనిచేసేవారి నేరాన్ని దాచిపెట్టిన అధిపతికి ఏడాది దాకా జైలు. పిల్లల సహాయానికి ఫోను చేసే 1098 నంబరు ప్రతి సంచికలో ఒకే చోట ఉండాలి, పిల్లలకు కంఠతా రావాలి. బెత్తం సంగతి నీకు చెప్పనక్కర్లేదు, 2009 విద్యాహక్కు చట్టంతోనే అది పోయింది. అయినా కొందరు టీచర్ల బీరువాలు ఓసారి తెరిచి చూడు.

పత్రిక మొదటి శుక్రవారం పంచు, ఆ రోజు చర్చిలో బలిపూజ ప్రార్థనకు తల్లులు ఎలాగూ వస్తారు. చందాల జాబితా చర్చి నోటీసు బోర్డుకు పంపిస్తే మీ గురువులూ కాదనరు. మేత్రాణులవారి ఫొటో ఒకటి చాలు, అదీ పిల్లలతో మాట్లాడుతున్నది ఉంటే. మార్చి సంచికలో ఒంటిపూట బడుల వేళలు, నీళ్లు తాగడానికి కొట్టే గంట సంగతి ఉంటాయి కదా, ఆ ప్రతి పది రోజుల ముందే పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ, నా కళ్లజోడు మార్చాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ